వెనుక కూర్చుండువారి బరువు

ఇంటి వస్తువులలో ఆడువారి కక్కఱలేనిదని మగవారు వేఱుచేసి పెట్టుకొన్నది మోటారుసైకిలు. దాని మరమ్మతు మాటలు వీథి అరుగుమీదనే ముగియును, లోపలికి రావు. వెనుక కూర్చుండి గుంతగుంతకును నడుము నొప్పించుకొనువారము మాత్రము మనమే.

మావారు బడిపంతులు. మా కాపురము హైదరాబాదు పాతబస్తీలో, లాలుదర్వాజా ప్రాంతమున. మా బండికి పదునెనిమిదేండ్లు. ఏడాదిగా బ్రేకు నొక్కినంతనే దాని ముందుభాగము నీటికి వంగు ఎద్దువలె తల వాల్చుచుండెను. ఒక మరమ్మతుదారుడు ఫోర్కులో చిక్కని నూనె పోసి, ఇక దిగులులేదని పంపివేసెను. మొన్న సంక్రాంతికి, ఫలక్‌నుమా వాలున, తెగిన గాలిపటము వెంట పరుగెత్తుచు బాలుడొకడు మా కడ్డపడెను. మావారు బ్రేకు వేసిరి. ముందుగొట్టములు అడుగంట దిగి ఠంగుమనెను, చక్రము జారెను, మేము మావారి వీపున బడితిమి. బండి నిలిచినప్పటికి చక్రమునకును బాలునికిని నడుమ జానెడు దూరము. ఆ రాత్రి మా యిద్దఱికిని అన్నము సహింపలేదు.

అప్పుడు ఆ గొట్టముల సంగతి మావారి నడిగి తెలిసికొంటిమి. రెండింటను ఒక్కొక్క స్ప్రింగును, కొంత నూనెయు నుండును. బరువు మోయునది స్ప్రింగు. అది కుదిసి తిరిగి ఎగయునప్పుడు నూనె సన్నని రంధ్రములలో దూరుచు ఆ ఊపును అణచును. ఇట్టి ఫోర్కును జర్మనీలోని బీఎండబ్ల్యూ వారు 1935లో అమ్మకపు బండ్లకు అమర్చిరి. కావున నూనె చిక్కనైనచో ఫోర్కు మెల్లగా దిగునేగాని మోయు శక్తి పెరుగదు. స్ప్రింగును ఎంత కుదించిన అంత బలముతో ఎదురునిలుచునని రాబర్టు హుక్కు అను ఆంగ్లేయుడు 1678లోనే ప్రకటించెను. ఏండ్లకొలది నలిగి పొట్టియైన స్ప్రింగు నిలిచియున్నప్పుడే సగము దారి దిగియుండును. బ్రేకు వేసినప్పుడు దిగుటకు చోటెక్కడిది? భారతమున బాహుకుడు ఋతుపర్ణుని రథము తోలిన కథ నాయనగారియొద్ద చదివితిమి. ఆ వేగమునకు రాజుగారి నడుము గతి యేమైనదో యని ఇప్పుడు తోచుచున్నది.

మూసీ దాటి పుత్లీబౌలికి పోయితిమి. అంగడివారు మావారి బరువు మాత్రమే అడిగిరి. అరువదియెనిమిది కిలోలు. మేము మా అరువదియొకటియు, పుస్తకముల సంచి ఆఱును చేర్చి చెప్పితిమి. బరువు చెప్పుటకు సిగ్గుపడుట మనవారి అలవాటు; అక్కడ సిగ్గుపడినచో ఆ బరువు లెక్కలోనికే రాదు. “వెనుకవారి బరువు వెనుక స్ప్రింగులమీదనే గదమ్మా!” అని మిస్త్రీ నవ్వెను. “నిలిచియున్నప్పుడు నిజమే. బ్రేకు వేసినప్పుడు మేము మాస్టరుగారి వీపున బడుదుము. ఆ బరువెక్కడికి పోవును?” అంటిమి. అతడు కొంత యోచించి, “మాస్టర్ సాబ్, అమ్మ చెప్పినది సరియే” అని ఒక మెట్టు గట్టివి తీసెను. అన్నిటికన్న గట్టివి వలదనెను. వానితో మణికట్లు నొచ్చును, చక్రము గుంతలపై ఎగిరి నేలపట్టు తప్పును.

బిగింపు మా వాకిటనే జరిగినది. ఇంజను క్రింద దిమ్మ పెట్టి ముందుచక్రమును గాలిలోనికి లేపిరి. పైమూతలు విప్పుటలో జాగ్రత్త కావలెను. లోపలి స్ప్రింగు మూతను ముఖముమీదికి తన్నును. మిస్త్రీ దానిని అరచేత అదిమిపట్టి మఱ త్రిప్పెను. పాత స్ప్రింగులు కొత్తవానికన్న వ్రేలెడు పొట్టి. ఒకటి మార్చి ఒకటి ఉంచరాదు. చుట్లు దగ్గఱగానున్న కొన యేవైపుండవలెనో తయారీదారుల పుస్తకమే ప్రమాణము. నూనెయు రెండు గొట్టములలో సమముగా నుండవలెను. మిస్త్రీ కంటితో చూచి చాలుననగా, మేము స్కేలు తెచ్చి యిచ్చితిమి.

పిదప రవికెల కొలతటేపుతో చూచితిమి. ఫోర్కు కదలిక మొత్తము పండ్రెండు సెంటీమీటర్లు. అందు నాల్గవవంతు మొదలు మూడవవంతు వఱకు మనుష్యుల బరువునకు దిగవచ్చును. పాతవానితో మేమిద్దఱము కూర్చున్నప్పుడు ఐదున్నర దిగినది, ఇప్పుడు మూడున్నర. ఫలక్‌నుమా వాలుననే మెల్లగా బ్రేకు వేసి చూచితిమి. ముందుభాగము వంగి, నిలిచి, లేచినది, చప్పుడు లేదు.

ప్రక్కింటి వదినగారు తమ స్కూటరు సంగతి అడిగిరి. టేపు ఇప్పుడు వారియింటనే యున్నది.