అసౌకర్యానికి చింతిస్తున్నాము

ముప్ఫైయేళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి. ఉద్యోగం ముగిసినా, చెవిన పడిన ప్రతి మాటకూ వ్యుత్పత్తి వెదికే అలవాటు మాత్రం పోలేదు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనే వాక్యాన్ని రైలు స్టేషన్లలో ఎన్నిమార్లు విన్నానో లెక్కలేదు. దాని గురించి నిలబడి ఆలోచించినది మాత్రం 2019లో, గుడివాడ–భీమవరం మార్గంలోని ఒక చిన్న స్టేషనులో.

ఆనాడు మా అమ్మగారి ఆబ్దికం. భీమవరంలో మా తమ్ముని ఇంట జరగాలి. పెద్దకొడుకును గనుక కర్తను నేను. తెల్లవారుజామునే స్నానం చేసి, మడిబట్టలు సంచిలో పెట్టుకొని ప్యాసింజరు కోసం వెళ్ళాను. టిక్కెట్ల కిటికీ పక్కన ఒక కాగితం అంటించి ఉంది. ఇంజనీరింగు పనుల వల్ల ఆ బండి కొన్నాళ్ళపాటు రద్దు.

మార్గంలో రెండవ లైను వేస్తున్న రోజులవి. విజయవాడ నుండి గుడివాడ, భీమవరం మీదుగా నర్సాపురం వరకు, అట్లాగే మచిలీపట్నం, నిడదవోలు శాఖలతో కలిపి మొత్తం 221 కి.మీ. పని. 2011–12లో మంజూరై 2022 నాటికి పూర్తయింది.

కొత్త లైనును స్టేషనులో పాతదానితో కలిపే రోజుల్లో బళ్ళు ఎందుకు ఆపాలో అక్కడి ఉద్యోగి ఒకరు ఓపికగా చెప్పారు. నాకు నా పద్ధతిలో అర్థమైంది. పద్యపాదంలో మొదటి అక్షరం పడగానే యతిస్థానంలో ఏది రావచ్చునో, ఏది రాకూడదో నియమం ఏర్పడుతుంది గదా! ఇంటర్‌లాకింగ్ అటువంటిదే. పట్టాలు ఒక దారికి తిరిగి ఉన్నప్పుడు దానికి విరుద్ధమైన సిగ్నలు పడనే పడదు. కొత్త లైను కలిపేటప్పుడు ఈ కట్టును కొన్నాళ్ళు విప్పాలి. అంతవరకు మనుషులే పాయింట్లను బిగించి, తాళాలు వేసి, బళ్ళను నెమ్మదిగా నడపాలి. కనుక బళ్ళు తగ్గించక తప్పదు. దూరం పోయే ఎక్స్‌ప్రెస్సును వేరే దారికి మళ్ళించవచ్చు. ప్యాసింజరును ఎక్కడికి మళ్ళిస్తారు? అది ఉన్నదే ఈ చిన్న ఊళ్ళ కోసం!

సిమెంటు బల్ల పక్కన ఒకామె అరటాకుల మోపులు దించుకొని కూర్చుని ఉంది. రోజూ ఆ బండిలోనే భీమవరం వెళ్ళి హోటళ్ళకు ఆకు వేస్తుందట.

"బస్సులో వెళ్ళరాదా అమ్మా?" అన్నాను.

"ఇన్ని మోపులు బస్సోళ్ళు ఎక్కనివ్వరు మాస్టారూ. ఎక్కనిచ్చినా ఛార్జీ, లగేజీ పోను నాకేం మిగులుద్ది? అదీగాక, ఆకు అందకపోతే హోటలాయన కాగితం పళ్ళేలు కొంటాడు. వాటికి అలవాటు పడ్డాక మళ్ళీ నా ఆకెవరిక్కావాలి? ఒకసారి వాడుక పోతే పోయినట్టే."

నేను సమాధానం చెప్పలేకపోయాను. భోక్తల విస్తళ్ళకు కావాలని ఒక కట్ట అడిగాను. రోజూ అమ్మే ధరకే ఇచ్చింది. పైసా ఎక్కువ పుచ్చుకోలేదు. ఆటో ఎక్కి, రెండు బస్సులు మారి, అపరాహ్ణం దాటకముందే తమ్ముని ఇల్లు చేరాను. కర్మ లోపం లేకుండా జరిగింది. ఆమె మిగిలిన మోపులు నెత్తికెత్తుకొని ఇంటిదారి పట్టడం ఆటోలోంచి చూశాను.

సుకరమంటే తేలికగా చేయదగినది. దాని భావమే సౌకర్యం. అది లేకపోవడం అసౌకర్యం. ఆనాడు నాకు కలిగినది అక్షరాలా అసౌకర్యమే. చేయవలసిన పని తేలికగా గాక కష్టంగా జరిగింది. జరగడం మాత్రం జరిగింది. ఆమె పని అసలు జరగనే లేదు. ఇద్దరికీ కలిపి ఒకే మాట వాడితే అది ఎవరికి సరిపోతుంది? పిల్లవాడు ఇట్లా రాస్తే కింద ఎర్రగీత గీసి ఉండేవాణ్ణి. మరి ఆమె నష్టానికి ఏ మాట వేయాలని వాడు అడిగితే నేనేమి చెప్పేవాణ్ణి?

తరువాత 2020 మార్చిలో కరోనా వల్ల బళ్ళన్నీ ఆగిపోయాయి. తిరిగి మొదలైన ప్యాసింజర్లలో కనీస ఛార్జీ 10 రూపాయల నుండి 30 అయింది. పాత ధర మళ్ళీ వచ్చినది 2024లో.

ఈమధ్య అదే దారిన భీమవరం వెళ్ళాను. జంట పట్టాలు, పైన విద్యుత్తు తీగలు. ఎదురుబండి కోసం గంటలకొద్దీ పడి ఉండే బాధ తీరింది. అంత పని చేయవలసినదే, మంచిపనే. ఆ చిన్న స్టేషనులో బండి ఆగినప్పుడు కిటికీలోంచి తొంగి చూశాను. ఆకుల మోపులు కనబడలేదు.

భీమవరంలో దిగి ఒక హోటల్లో ఇడ్లీ అడిగాను. పచ్చటి ఆకులో పెట్టి తెచ్చారు. ముట్టుకొని చూస్తే, ఈనెలతో సహా అరటాకు బొమ్మ అచ్చువేసిన కాగితం.