అంఫో ఎంత దూరం?

కల్యాణి వర్ధన. వినగానే మన పక్క సెక్షన్ అమ్మాయి పేరనుకుంటారు. కాదండీ, ఉత్తర థాయ్‌లాండ్‌లో చియాంగ్ మై కొండల్లో ఉన్న ఒక అంఫో పేరు. వాళ్ళ నోట్లో ‘కన్లయానివత్తనా’ అవుతుంది గానీ, మూలం మన పాళీ సంస్కృతాలే. రాజు భూమిబోల్ అక్కగారు 2008 జనవరిలో చనిపోయారు, ఆవిడ పేరే దీనికి పెట్టారు. అంఫో అంటే మన పాత తాలూకాకీ ఇప్పటి మండలానికీ మధ్యస్థంగా ఉండేది అనుకోండి.

థాయ్‌లాండ్‌లో బ్యాంకాక్ కాక మొత్తం 878 అంఫోలున్నాయి. అన్నిటికంటే చిన్నది వయసులో ఇదే. మే చేమ్ అనే పెద్ద అంఫో నుంచి మూడంటే మూడు తంబోన్లు (మన పంచాయతీల్లాంటివి) విడదీసి 2009 డిసెంబర్ 26న ఏర్పాటు చేశారు. జనం పది పన్నెండు వేలు, ఎక్కువమంది కరెన్ తెగవాళ్ళు. చుట్టూ పైన్ అడవులు. అక్కడి వాట్ చాన్ గుడి ముందువైపు చూస్తే నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నట్టే ఉంటుంది. ఫోటో వెతికి చూడండి, నవ్వకుండా ఉండలేరు.

ఇంత చిన్నదానికి వేరే ఆఫీసెందుకు? మా మినీ ప్రాజెక్టు మ్యాపుల మీద. టీమ్‌లో ఒకడు ఇదే అడిగాడు. “పన్నెండు వేలంటే మా గేటెడ్ కమ్యూనిటీలు నాలుగు కలిపితే సరి. డబ్బు దండగ కదరా.”

వాడికి నేను చెప్పింది ఇది. థాయ్‌లాండ్‌లో గుర్తింపు కార్డు, ఇంటి రిజిస్టరు, జనన మరణాలు, పెళ్ళి నమోదు చాలావరకు అంఫో ఆఫీసులోనే. కొండ తెగల్లో చాలామందికి పౌరసత్వమే లేదు, ఆ కాగితాలు కదిలేదీ అక్కడే. 2018లో థామ్ లువాంగ్ గుహలో చిక్కుకున్న ఫుట్‌బాల్ పిల్లలు గుర్తున్నారుగా? వాళ్ళలో ముగ్గురికీ, కోచ్‌కీ పౌరసత్వం లేదు. ప్రపంచమంతా వాళ్ళను టీవీలో చూశాక, ఆగస్టులో మే సాయ్ అంఫో ఆఫీసులో కార్డులు చేతికిచ్చారు. టీవీలో కనబడని వాళ్ళు మాత్రం కొండ దిగి, గంటల తరబడి మలుపులు తిరిగి వెళ్ళాల్సిందే.

ఆ మలుపులు నాకు తెలుసు. మాది ఏజెన్సీ ఊరు. మా తాత తాలూకా ఆఫీసుకి వెళ్ళాలంటే ముందురోజే సద్దిమూట కట్టుకుని బయల్దేరేవాడట. 1985లో ఎన్టీఆర్ తాలూకాలు తీసేసి మండలాలు పెట్టాక దూరం తగ్గింది, పోలేదు. నా కౌన్సెలింగ్ అప్పుడు కులం సర్టిఫికెట్ కోసం నాన్న నాలుగుసార్లు వెళ్ళాడు. బస్సు రోజుకొకటే. ఒకసారి సర్వర్ లేదు, ఒకసారి సంతకం పెట్టేవాళ్ళు మీటింగులో, ఇంకోసారి నా ఇంటిపేరులో అక్షరం తేడా. నాలుగు రోజుల కూలి పోయింది. కాగితం చేతికొచ్చేసరికి వెరిఫికేషన్‌కి రెండు రోజులే ఉంది. ఇంకోసారి తిప్పి ఉంటే ఈ మ్యాగజైన్‌లో ఇంకెవరో రాసేవాళ్ళు.

అల్గారిథమ్స్ క్లాసులో వర్స్ట్ కేస్ ఎంతని అడుగుతాం. ఆఫీసు ఎక్కడ పెట్టాలన్నప్పుడు మాత్రం సగటు తీస్తాం, ఎందుకో? మే చేమ్ సగటు చూస్తే ఈ మూడు తంబోన్లు కనబడవు.

మావాడు కాసేపు ఆలోచించి, “అయితే మ్యాప్‌లో జనాభా రంగులు తీసేసి, ఆఫీసుకి ఎన్ని గంటలో వేద్దామా?” అన్నాడు. వేశాం. రివ్యూలో మార్కులు తగ్గాయి. మ్యాప్ మాత్రం మార్చలేదు.