పైలే నాప్, బాద్ మే ఖోల్

నా నిఖాకు అబ్బా ఇచ్చిన సామాన్లలో ఒక పానా సెట్టు కూడా ఉంది. ఇత్తడి బిందెలు, పరుపులు, కుట్టుమిషను దింపుకున్న అత్తగారింటి వాళ్ళు చివర్లో ఆ ఇనుప డబ్బా మూత తీసి చూసి, ఇది ఎవరిదో పొరపాటున వచ్చిందనుకున్నారు. అప్పటికి మా అత్తగారింట్లో సైకిలు కూడా లేదు. "ఏ రోజుకైనా పనికొస్తుంది, ఉండనీ" అని మా మామయ్య దాన్ని మంచం కింద పెట్టించారు. అల్లా ఆయన్ని జన్నత్‌లో ఉంచుగాక. ఆయన మాటే నిజమైంది.

అబ్బాకు ధర్మవరంలో మెకానిక్ షెడ్డు ఉండేది. పట్టుచీరల షావుకార్లు బెంగళూరుకు తిరిగే అంబాసిడర్లతో ఆయన కారోబార్ మొదలైంది. మా మెట్టినిల్లు హిందూపురం. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, గుండె జబ్బు ఉన్న అత్తమ్మ, ఇంకా సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక వ్యాగన్ఆర్. మూడు నెలలకోసారి అత్తమ్మను బెంగళూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పోవడానికే వంద కిలోమీటర్ల పైన. ఫజర్ నమాజ్ కాగానే బయల్దేరితే గానీ డాక్టరు టైముకు అందుకోలేం. ఆ టైములో బండి స్టార్ట్ కాకపోతే ఎవరి తలుపు తట్టాలి? ఇంట్లో ఏ ఔజార్ ఉండాలి, ఏది అక్కర్లేదు అన్న సవాలు నాకు అక్కడే మొదలైంది.

మన ఇళ్ళల్లో ఇప్పుడు కార్లు చాలా వచ్చాయి, అల్హందులిల్లాహ్. నిఖాలకు, దర్గాలకు, ఆసుపత్రులకు మన బండే. డిక్కీలో చూస్తే మాత్రం ఒక జాకీ, ఒక వీల్ పానా, గాలి తక్కువైన స్టెప్నీ, అంతే. యూట్యూబ్ చూసి ఉత్సాహం వచ్చిన కుర్రాళ్ళేమో నలభై గోటీల డబ్బా ఒకేసారి కొనేస్తారు. అది మెరుస్తూ అలమారాలో ఉంటుంది. అబ్బా అలాంటి డబ్బాలు చూసి నవ్వేవారు. షాగిర్దులకు ఆయన చెప్పే మొదటి మాట "పైలే నాప్, బాద్ మే ఖోల్". ముందు కొలువు, తర్వాతే విప్పు. ఇంటి మనుషులకు విప్పే సామాన్ల కన్నా కొలిచే సామాన్లే ఎక్కువ అవసరం. నాలుగేళ్ళుగా ఈ బండితో వేగుతున్న నా తజుర్బా కూడా ఇదే చెబుతోంది.

అందుకే అన్నిటికంటే ముందు మల్టీమీటరు. మామూలుది మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. దాని ముల్లును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు ఆనిస్తే చాలు. రాత్రంతా నిలబడి ఉన్న బండిలో 12.6 చూపిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12కు దిగిందంటే దాదాపు ఖాళీ. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 దాకా చూపిస్తే ఆల్టర్నేటరు చార్జింగ్ బాగానే ఇస్తున్నట్టు.

పోయిన చలికాలం ఆసుపత్రికి పోవాల్సిన ముందురోజు పొద్దున బండి రెండుసార్లు మూలిగి స్టార్ట్ అయింది. ఊళ్ళో ఒక షాపుకు తీసుకెళ్తే, ఆల్టర్నేటరు పోయింది, కొత్తది వేయాలి, తెప్పించడానికి రెండు రోజులు పడుతుంది అన్నాడు. చెప్పిన రేటు వింటే కువైట్ నుంచి వచ్చే నెల పైసల్లో సగం పోయేలా ఉంది. ఇంటికొచ్చి, రెండు మూడు గంటలు బండిని కదపకుండా ఉంచి మీటరు పెట్టాను. 12.0. స్టార్ట్ చేసి మళ్ళీ పెట్టాను. 14.2. అంటే ఆల్టర్నేటరు సలామత్‌గా ఉంది, నాలుగేళ్ళు దాటిన బ్యాటరీకే వయసైపోయింది. మగ్రిబ్ తర్వాత బ్యాటరీ షాపుకు ఫోన్ చేస్తే రాత్రి ఎనిమిదిన్నరకు కొత్తది వేసి వెళ్ళారు. తెల్లారి అత్తమ్మను టైముకు ఆసుపత్రిలో దింపాను. ఆరోజు ఆమెకు ఈసీజీలో తేడా వచ్చి అక్కడే ఉంచేసుకున్నారు. రెండు రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.

బ్యాటరీ అప్పటికే పూర్తిగా పడుకుని ఉంటే జంపర్ కేబుళ్ళు కావాలి. వేసే వరస నోటికి రావాలి. ముందు పడుకున్న బ్యాటరీ ప్లస్, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్, ఆ తర్వాత మంచి బ్యాటరీ మైనస్. నాలుగో కొసను పడుకున్న బ్యాటరీ మైనస్‌కు కాకుండా, బ్యాటరీకి దూరంగా, ఆ బండి ఇంజను మీద రంగు లేని ఇనుముకు తగిలించాలి. ఎందుకంటే చివర కలిపే చోట నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసుకు మంటంటే చాలు. తీసేటప్పుడు ఇదే వరస తిరగేసి తీయాలి.

రెండోది గాలి కొలిచే గేజీ. పెట్రోలు బంకులో గాలి పట్టించేటప్పటికి టైరు వేడెక్కి ఉంటుంది, అంకె ఎక్కువ చూపిస్తుంది. పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. స్టెప్నీని కూడా మర్చిపోవద్దు. సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కాక టైరు పోతే, అందులోనూ గాలి లేకపోతే, ఆ మే నెల ఎండలో పిల్లలతో నిలబడటం ఎలా ఉంటుందో మన సీమవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఇక జాకీ. ఇక్కడ కాస్త ఆగుతాను.

అబ్బా దగ్గర ఒక షాగిర్ద్ ఉండేవాడు, పదిహేడేళ్ళ కుర్రాడు. అబ్బా జోహర్ నమాజ్‌కు వెళ్ళిన ఇరవై నిమిషాల్లో, జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరాడు. కింద నేల మెత్తన, ముందురోజు వాన పడింది. జాకీ పాదం ఒక పక్కకు దిగింది. బండి వాడి తొడ మీద పడింది. బతికాడు, అల్లా దయ. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. ఆ సాయంత్రమే అబ్బా రెండు తుమ్మ మొద్దులు కోయించి షెడ్డులో పెట్టారు. తర్వాత పైసలు చేరాక మూడు టన్నుల ఇనుప స్టాండ్లు కొన్నారు. "జాకీ ఉఠానే కు హై, పకడ్నే కు నై" అని చిన్నపిల్లలకు కల్మా నేర్పినట్టు అందరికీ నేర్పేవారు. జాకీ ఎత్తడానికే, పట్టుకుని ఉండటానికి కాదు.

కాబట్టి స్టాండ్లు లేకుండా బండి కింద తల కాదు, చెయ్యి కూడా పెట్టొద్దు. వీల్ మార్చడానికి జాకీ చాలు, కానీ అప్పుడు కూడా హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో పెట్టి, ఎత్తని వైపు చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. మట్టి నేలైతే జాకీ కింద దిట్టమైన పలక వేయండి. నట్లను చక్రం నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేసుకోండి. గాల్లోకి లేచాక బలంగా గుంజితే బండి కదులుతుంది.

నట్లు బిగించే మాటకొస్తే మా ఖాలా కొడుకు సంగతి చెప్పాలి. వాడు ఐటీఐ చేసి పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో చేరాడు. మీకు గుర్తుండే ఉంటుంది, 2017 ఏప్రిల్‌లో ఒప్పందం అయింది, 2019లో సెల్టోస్ బయటికొచ్చింది. ఏటా 3 లక్షల కార్లు చేసేలా కట్టిన ఫ్యాక్టరీ. ఒకప్పుడు మాకు పెనుకొండ అంటే కొండ మీద కోట, బాబయ్య దర్గా ఉరుసు, అంతే. ఇప్పుడు ధర్మవరం పోయేటప్పుడు హైవే పక్కన ఆ షెడ్లు చూసి పిల్లలు "చాచా ఫ్యాక్టరీ" అని అరుస్తారు.

ఒక ఆదివారం వాడు అబ్బా షెడ్డుకు టార్క్ రెంచి పట్టుకొచ్చాడు. ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకుంటే, అంత బలం రాగానే టక్కుమని చప్పుడు చేసే పానా అది. ఆరోజు ఒక షావుకారు సెల్టోస్‌కు స్టెప్నీ వేశారు అబ్బా. 21 నంబరు వీల్ పానాతో, నలభై ఏళ్ళ అలవాటు చేత్తో, ఐదు నట్లూ బిగించారు. ఆ బండికి ఉండాల్సింది 107 నుంచి 127 న్యూటన్ మీటర్ల మధ్య. వాడు 110 పెట్టి ఒక్కో నట్టు మీద చూశాడు. నాలుగు కదలకుండానే టక్కుమన్నాయి. ఒకటి కొంచెం తిరిగాక టక్కుమంది. అబ్బా మీసం దువ్వుకున్నారు.

"ఖాలూ, నాలుగూ తక్కువ లేవని మాత్రమే ఇది చెప్పింది. ఎక్కువ ఉన్నాయేమో చెప్పలేదు" అన్నాడు వాడు అదబ్‌గా. నట్లు మరీ ఎక్కువ బిగిస్తే స్టడ్డు సాగుతుంది, రేపు రోడ్డు మీద ఆడపిల్ల ఎవరైనా విప్పాలంటే రాదు. అబ్బా కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఐదూ వదులు చేసి, ఆ రెంచితోనే ఒకటి విడిచి ఒకటి చొప్పున మళ్ళీ బిగించారు. "అసర్ దాకా నా దగ్గర ఉండనీ" అని రెంచి అడిగి తీసుకున్నారు. ఆ వారంలోనే ఒకటి కొన్నారు. పనైపోయాక అందులో అతి తక్కువ అంకె దగ్గరికి తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసిపోతుంది. ఈ జాగ్రత్త మాకు నేర్పింది కూడా వాడే.

పానాల్లో ఇంటికి కావాల్సినవి తక్కువే. మారుతి బండ్లకు 10, 12, 14, 17, 19 నంబర్ల రింగు పానాలు, గోటీలు ఉంటే చాలా పనులు జరుగుతాయి. పది నంబరువి రెండు పెట్టుకోండి. బ్యాటరీ టెర్మినల్‌కు అదే, ఇంట్లో ముందు మాయమయ్యేదీ అదే. ఒక మంచి పేచ్‌కస్, టపారియా లాంటి గట్టి కటింగ్ ప్లేయరు, నెత్తికి కట్టుకునే టార్చి. టార్చి చిన్న విషయం అనిపిస్తుంది గానీ, ఫోను నోట్లో కరుచుకుని పని చేసేవాళ్ళను చూశాను.

ఇంకొకటి, ఓబీడీ స్కానరు. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది, వెయ్యి లోపే వస్తుంది. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్టులో గుచ్చితే ఫోనులో కోడు కనిపిస్తుంది. మొన్న మా బండి ఇంజను లైటు వెలిగి కుదుపులు మొదలైతే పీ0302 అని వచ్చింది. రెండో సిలిండరు సరిగా మండటం లేదని అర్థం. అది ప్లగ్గో, కాయిలో, ఇంజెక్టరో కోడు చెప్పదు. అబ్బాకు ఫోన్ చేస్తే, "రెండో దాని కాయిలు మూడో దాంట్లో వేసి చూడు" అన్నారు. ఇంజను చల్లారాక పది నంబరు పానాతో విప్పి మార్చాను. కోడు తుడిచి నడిపితే ఈసారి పీ0303 వచ్చింది. జబ్బు కాయిలుతో పాటే నడిచొచ్చింది. ఒక్క కాయిలు కొన్నాం, అయిపోయింది.

అన్నీ ఇంట్లో చేసుకుంటే మెకానిక్ రిజ్ఖ్ ఏమవుతుందని ఒక చెల్లెలు అడిగింది. బ్రేకులు, స్టీరింగ్, ఏసీ గ్యాసు, ఎయిర్‌బ్యాగ్, వీటి జోలికి నేను పోను. ఆయిల్ కూడా షెడ్డులోనే మార్పిస్తాను. కాలిన ఆయిలు మూడు లీటర్లు ఇంట్లో ఎక్కడ పోస్తాం, మోరీలోనా? మెహనత్ చేసే మెకానిక్‌కు మన కొలతలు చూస్తే కోపం రాదు. హిందూపురంలో ఇప్పుడు నేను వెళ్ళే ఉస్తాద్‌కు నా నోటుబుక్కు చూపిస్తే ముందు అదే చదువుతాడు.

గ్రీజు సంగతి కూడా అడుగుతుంటారు. గోళ్ళ చుట్టూ పేరుకున్న గ్రీజు కింద నీళ్ళు చేరవు, వజూ ఎలా? అబ్బా కొబ్బరినూనెలో పిడికెడు చక్కెర కలిపి చేతులకు రుద్దుకునేవారు, తర్వాత సబ్బు. గ్రీజంతా ఊడొస్తుంది, చర్మం మంట పుట్టదు. నేను ముందే రబ్బరు గ్లౌజులు వేసుకుంటాను.

అబ్బా షెడ్డు మూసి ఏడాదయింది. కంటికి శుక్లాలు, పానా మీద అంకె కనిపించదు. అయినా నోట్లోకి బొటనవేలు పెట్టి ఇది పన్నెండు, ఇది పద్నాలుగు అని చెప్పేస్తారు. స్టాండ్లు నాకిచ్చారు. టార్క్ రెంచి ఖాలా కొడుక్కి. అంబాసిడర్లకు వాడిన అంగుళాల పానాలు, పాత గెడోర్‌వి, ఎవరూ తీసుకోలేదు. ఇప్పటి మిల్లీమీటరు నట్లకు అవి సరిగ్గా కూర్చోవు. గోనెసంచిలో చుట్టి నా డబ్బా పక్కనే పెట్టాను, వానాకాలం ముందు ఒకసారి నూనె పూస్తాను. వీధిలో ఎవరైనా సామాను అడిగితే ఇస్తాను, పేరు రాసుకుని, మగ్రిబ్ లోపల తెచ్చివ్వాలన్న షరతు మీద. స్టాండ్లు మాత్రం రెండూ కలిపే ఇస్తాను. ఒక్కటి అడిగితే ఇవ్వను.