కుంపటి - గది తలుపు

మా చోడవరంలో చలి అంటే లంబసింగివాళ్ళు నవ్వుతారు. నవ్వినా తప్పులేదు. సుమారు 1000 మీటర్ల ఎత్తున, కొండల నడుమ వున్న వూరది. మబ్బులేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలున జారి పల్లంలో మడుగు కడుతుంది. అందుకే అక్కడా, పక్కనున్న చింతపల్లిలోనూ కొన్ని రాత్రులు పాదరసం సున్నాకు చేరువగా దిగుతుంది. లంబసింగికి కొర్రబయలు అని యింకో పేరు. ఆరుబయట వున్నవాడు కర్రలా బిగుసుకుపోతాడని దానికి అర్థం చెబుతారు. యిప్పుడు ఆ చలిని చూడడానికే జనం కార్లు కట్టుకుని వెళుతున్నారు. చలి వేడుకైనవాళ్ళు మధ్యాహ్నానికి కొండ దిగుతారు. చలితో కాపరం చేసేవాళ్ళు నెగడు దగ్గరే వుంటారు.

మా చలి అంతటిది కాదు. అయినా ముసలి ఎముకలకు డిగ్రీల లెక్క తెలియదు గదా!

నా చిన్నతనంలో మాది పెంకుటిల్లు. ధనుర్మాసం వస్తే నడిమింట్లో కుంపటి, చుట్టూ పిల్లలం. చెరుకు గానుగాడేచోట బెల్లం పొయ్యి పక్కన కూచోడానికి పోటీలు పడేవాళ్ళం. ఒళ్ళు వెచ్చబడేది, చేతిలో వేడి బెల్లమూ పడేది.

యిప్పుడు పెంకులు పోయి స్లాబు వచ్చింది, కిటికీలకు అద్దాలు వచ్చాయి. నాన్నగారు మాత్రం మారలేదు. మొన్న చలికాలంలో కుంపటి తన గదిలో పెట్టి తలుపు వేయమన్నారు. నేను ఒప్పుకోలేదు.

“మీ తాత కుంపటి పక్కనే పడుకుని తొంభై యేళ్ళు బతికాడురా!” అన్నారు.

నిజమే. కాని ఆయన్ని కాపాడినవి పెంకుల సందులు. బొగ్గుకు చాలినంత గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ప్రాణవాయువు కూచోవలసిన చోట అది కూచుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు - నిద్రలో వున్నవాడికి ఆ హెచ్చరికలూ అందవు. పొగ లేని నిప్పుతో భయం లేదని మనవాళ్ళ ధీమా. ఎర్రగా రాజుకున్న బొగ్గుకు పొగే వుండదు; మోసమంతా అక్కడే వుంది.

రెండురోజులు నాన్నగారు నాతో మాట్లాడలేదు. మూడోనాడు రాజీ కుదిరింది. సాయంత్రం వీధి వరండాలో కుంపటి. నిద్రవేళకు దాన్ని పెరట్లోకి తీసుకుపోయి ఆర్పెయ్యడం. గదిలో బొంతమీద రగ్గు, కాళ్ళకు మేజోళ్ళు, పక్కలో వేడినీళ్ళ సంచి.

యిప్పుడు వీధిలోని పెద్దవాళ్ళంతా ఆ కుంపటి చుట్టూ చేరుతున్నారు. నాన్నగారి గొంతు అందరికంటే పెద్దగా వినిపిస్తోంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అంతదాకా కుంపటి వద్దనను. తలుపు మాత్రం వేయనివ్వను.