రక్తపరీక్ష రిపోర్టు జాతకచక్రం కాదు

"ఒక్క రక్తపరీక్షతో క్యాన్సర్ ఉన్నదీ లేనిదీ తేలిపోతుందటగా డాక్టరుగారూ! రాసివ్వండి" అని అడిగేవారు మా ఆసుపత్రిలో ఎక్కువయ్యారు. ఏళ్ల తరబడి చుట్టలు, బీడీలు, సిగరెట్లు కాల్చినవారికి ఈ ఆత్రుత మరీ ఎక్కువ. వారి భయం సహజమే. కాని ఆ పరీక్ష ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో మీరు ముందుగా తెలుసుకోవాలి.

మన శరీరంలోని కణాలు రకరకాల మాంసకృత్తులను, అంటే ప్రోటీన్లను తయారుచేస్తాయి. క్యాన్సర్ కణాలు తయారుచేసే వాటిలో కొన్ని రక్తంలోకి చేరతాయి. 1965లో కెనడాలోని మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రజ్ఞులు పెద్దపేగు క్యాన్సర్‌లో సి.ఇ.ఎ. అనే పదార్థాన్ని కనుక్కున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కూడా ఇది కొందరికి పెరుగుతుంది. తర్వాత సైఫ్రా 21-1, ఎన్.ఎస్.ఇ., ప్రో జి.ఆర్.పి. వంటివి వచ్చాయి.

మరి చిక్కెక్కడ? ఇవి క్యాన్సర్ ఒక్కదాని సొత్తు కావు. పొగతాగేవారికి క్యాన్సర్ లేకున్నా సి.ఇ.ఎ. కొంత పెరగవచ్చు. మూత్రపిండాలు దెబ్బతింటే సైఫ్రా, ప్రో జి.ఆర్.పి. పెరుగుతాయి. తీసిన రక్తంలో ఎర్రకణాలు చితికినా ఎన్.ఎస్.ఇ. ఎక్కువగా కనబడుతుంది. అలాగే గడ్డ చిన్నదిగా, కోసి తీసివేయగల దశలో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలుగానే ఉండవచ్చు.

ఒక బస్సు డ్రైవరుగారు తనంతట తానే ఈ పరీక్ష చేయించుకున్నారు. నార్మల్ అని వచ్చింది. నాలుగు నెలలు దగ్గుమందు తాగుతూ గడిపారు. కళ్లెలో నెత్తురు జీర కనిపించినా రిపోర్టు బాగుందిగదా అని ఊరుకున్నారు. మా దగ్గరకు వచ్చేసరికి ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. జేబులోంచి మడత కాగితం తీసి, "ఇందులో ఏమీ లేదు గదండీ" అన్నారు. కాగితంలో లేనిది ఎక్స్‌రేలో ఉంది.

2018లో వెలువడిన ఒక పరిశోధనలో నాలుగు మాంసకృత్తులను కలిపి, పొగతాగిన వివరాలు జోడించి చూశారు. ఏడాదిలోగా క్యాన్సర్ బయటపడిన ప్రతి 100 మందిలో సుమారు 63 మందిని అది ముందుగా పట్టింది. పొగ వివరాలు ఒక్కటే చూస్తే 40 పైచిలుకే. ముందడుగే! అయినా మిగిలినవారి మాటేమిటి? ఎక్కువగా పొగతాగినవారిలో తక్కువ మోతాదు సి.టి. స్కాన్ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని, 53 వేలమందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనం 2011లో తేల్చింది. మనవాళ్లలో పాత క్షయ మచ్చలు కూడా స్కాన్‌లో కనబడతాయి గనుక అది ఎవరికి అవసరమో డాక్టరే నిర్ణయించాలి.

"ఎన్నాళ్లు బతుకుతారండీ?" అన్నది ఇంటివాళ్ల రెండో ప్రశ్న. చికిత్సకు ముందు సైఫ్రా బాగా ఎక్కువగా ఉన్నవారి ఆయుర్దాయం సగటున తక్కువన్న మాట నిజమే. చికిత్సతో అది తగ్గడం మంచి సూచన. కాని సగటు లెక్క పదిమందికి చెప్పేది. మీ నాన్నగారి ఆయుష్షు అందులో రాసి ఉండదు. జబ్బు ఏ రకం, ఏ దశ, మనిషిలో శక్తి ఎంత అన్నవి అంతకంటె ముఖ్యం. బయాప్సీలో తీసిన ముక్కలో పి.డి.-ఎల్.1 అనే మరో మాంసకృత్తు ఎంత ఉందో చూస్తారు. అది సగానికి సగం కణాలలో కనబడితే, కొందరికి రోగనిరోధక శక్తిని మేల్కొలిపే మందులు కీమోథెరపీ కంటె బాగా పనిచేస్తాయని 2016లో రుజువైంది. కనుక ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న అపోహతో బయాప్సీ మానుకోకండి.

రెండు వారాలు దాటిన దగ్గు, కళ్లెలో నెత్తురు, గొంతు బొంగురు, కారణం లేకుండా బరువు తగ్గడం — వీటిలో ఏది కనిపించినా కళ్లె పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోండి. క్షయ అని మందులు వాడుతున్నా గుణం కనిపించకపోతే మళ్లీ డాక్టరును కలవండి. చేతిలో చుట్టో సిగరెట్టో ఉంటే, అది మాత్రం ఈరోజే ఆర్పేయండి. దానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు.