బాణానికీ తూకం కావాలి

బరువు తగ్గడమెలాగో చెప్పమంటే మన ఆడవాళ్ళలో ఎవరైనా గంటసేపు చెప్పగలరు, మెంతులు నానబెట్టుకోవడం దగ్గర్నుంచి రాత్రిపూట అన్నం మానెయ్యడం దాకా. పెంచడమెలాగో చెప్పమనండి, ఒక్కరూ నోరు విప్పరు. అందుకే ఈమధ్య కురవిలో పదిరోజులుండి నేర్చుకొచ్చిన విద్య మీ చెవిన వేద్దామని కూచున్నాను. నా బరువు సంగతి కాదులెండి, అది ఎవరి సాయమూ లేకుండానే పెరుగుతోంది. నేను చెప్పేది బాణం బరువు.

కురవి మా ఆడపడుచు అత్తవారి ఊరు. వీరభద్రస్వామి గుడి, శివరాత్రి జాతర అంటే మీకూ తెలిసే ఉంటుంది. తెలుగు వచనానికి తొలి ఆనవాళ్ళలో ఒకటైన కొరవి శాసనం ఈ ఊరిదేనని కాలేజీలో చదువుకున్న దాన్ని గనక, వెళ్ళినప్పుడల్లా నాకు ఆ ఊరి మీద కాస్త గౌరవం ఎక్కువే. ఈసారి మాత్రం శాసనం మాటే ఎత్తలేదు. ఇల్లంతా ధనుర్వేదమే!

మా ఆడపడుచు కూతురు ఇంటర్ చదువుతోంది. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచినప్పటి నుంచి ఈ పిల్లకి విల్లు పిచ్చి పట్టుకుంది. సురేఖ చేతిలోది కప్పీలున్న కాంపౌండ్ విల్లు, దాని ఖరీదు వింటేనే కళ్ళు తిరుగుతాయి. మన పిల్లది వెదురు విల్లు. 'ఇండియన్ రౌండ్' అని మన దేశవాళీ విల్లుకీ పోటీలున్నాయి, 30 మీటర్లు, 50 మీటర్ల దూరంలో. అందులో బాణాలు కూడా వెదురువో కర్రవో అయి ఉండాలి. కాని వానాకాలంలో కర్ర బాణం వంగుతుంది, ఏ రెండూ ఒక్క తూకం ఉండవు. సాధనకి ఉంటాయి కదా అని ఎవరో సీనియర్ తన పాత కార్బన్ బాణాలు డజను ఇచ్చింది.

నల్లగా, నున్నగా, కొబ్బరీనెల్లా తేలిగ్గా ఉన్నాయి. ఇంట్లో అందరికీ నచ్చాయి. "ఆడపిల్ల చేతికి గసొంటియే మంచిగుంటయి" అంది వాళ్ళ నానమ్మ. మనకి ఏదిచ్చినా తేలికదే ఇస్తారు, గమనించారా? సైకిలైనా సరే, చదువైనా సరే.

నాలుగోరోజు విల్లు టప్పుమంది. పిడి పైన వెదురు పేడు లేచింది. దవడకి జానెడు దూరంలో! వాళ్ళ నాన్న విల్లు తీసి అటక మీద పెట్టేశాడు. "మొకం మీదికి లేస్తే ఎవరు జిమ్మేదారి? పెండ్లి కావాల్సిన పిల్ల. ఇగ బంద్." పిల్ల అన్నం ముందు నుంచి లేచిపోయింది.

"బాణం వేసినప్పుడల్లా చెయ్యి జివ్వుమనేదత్తా, తాడు గట్టిగ మోగేది" అని రాత్రి నాకు మాత్రం చెప్పింది. మేమిద్దరం కూచుని ఆరా తీస్తే తేలిందిది. లాగిన విల్లులో ఉన్న శక్తినంతా బాణం మోసుకుపోవాలి. మరీ తేలిక బాణమైతే కొంతే తీసుకుని తుర్రుమంటుంది. మిగిలింది విల్లు మీదా, మణికట్టు మీదా పడుతుంది. బాణమే లేకుండా తాడు లాగి వదలడం విలుకాళ్ళు మహా అపచారంగా చూసేది ఇందుకే. ఖాళీ రోట్లో రోకటిపోటు వేసి చూడండి, బియ్యముంటే వాటికి తగిలే దెబ్బ మీ భుజానికి తగులుతుంది. కొత్తరకం విళ్ళు కొంతవరకు ఓర్చుకుంటాయి, వెదురు ఓర్చుకోదు.

ఈ మాటే వాళ్ళ నాన్నకి చెప్పాను. మిరపతోటకి ట్రాక్టర్ తోలే మనిషి. కాసేపు ఆలోచించి, "ఖాళీ ట్రాలీ ఎగిరినట్టన్నట్టు. లోడుంటే గంత ఎగరది" అన్నాడు. అటక మీది విల్లు దిగలేదు గాని, "తూకం సరిజేయుండ్రి, సూద్దాం" అనే దాకా వచ్చాడు. అది చాలు!

బాణాల్ని గ్రెయిన్లలో తూస్తారు. ఒకప్పుడు ధాన్యపు గింజతో తూచేవారు గనక ఆ పేరు. 15 గ్రెయిన్లు దాదాపు ఒక గ్రాము. మన కంసాలుల గురివింద గింజ రమారమి రెండు గ్రెయిన్లు. గురి చూసేదానికి గురిగింజ తూకమన్నమాట! తాడు పూర్తిగా లాగినప్పుడు విల్లు ఎన్ని పౌండ్ల బలం చూపిస్తుందో, ఒక్కో పౌండుకి తొమ్మిదీ పది గ్రెయిన్ల బాణం ఉంటే కర్రవిల్లుకి క్షేమం. మన పిల్ల విల్లు 35 పౌండ్లది, అంటే దాదాపు 16 కిలోలు. బాణం 22 గ్రాములన్నా ఉండాలి.

బాణాలు పట్టుకుని అవుసలాయన కొట్టుకి వెళ్ళాం. "ఇదేం సొమ్మమ్మా?" అంటూనే తూచాడు. 16 గ్రాములు. ఇంకా యాభై గురిగింజలు కావాలి!

మొత్తం బరువు ములికి దగ్గరే పెడితే తేలికే. లోపల ఇత్తడి ముక్క బిగిస్తే సరి. కాని అక్కడుంది చిక్కు. వదిలిన బాణం నిటారుగా పోదు, విల్లు పక్కనుంచి చేపలా మెలికలు తిరుగుతూ పోతుంది. తలబరువు పెరిగితే మెలిక పెరుగుతుంది, కుడిచేతివాటం వాళ్ళకి బాణం కుడివైపు కొడుతుంది. అందుకని ముందు రెండున్నర గ్రాముల ఇత్తడి పెట్టి, తక్కింది పొడుగునా పంచాం. దేంతోననుకున్నారు? పొలంలో గడ్డి కోసే మిషన్‌కి చుట్టే నైలాన్ తీగతో. తోక దగ్గరి ప్లాస్టిక్ గాడి ఊడదీసి, బాణం పొడుగున తీగ దూర్చి, గలగలలాడకుండా రెండు కొసలా టేపు చుట్టి, మళ్ళీ బిగించాం. కార్బన్ కోయాల్సివస్తే మూతికి గుడ్డ కట్టుకోవాలి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. వేసేముందు ప్రతిసారీ కొద్దిగా వంచి చూడాలి. చిటుక్కుమంటే ఇక దాన్ని వాడకూడదు, చేతిలోనే పేలికలవుతుంది.

పురాణాల్లో అందరూ విల్లు బరువే చెప్పారు. శివధనుస్సుని బండిమీద ఇంతమంది లాక్కొచ్చారనీ, ద్రౌపది స్వయంవరంలో రాజులు ఎక్కుపెట్టలేక బోర్లాపడ్డారనీ. బాణమెంత తూగిందో ఎక్కడన్నా చదివారా? నాకైతే గుర్తులేదు.

వెదురు పేడు లేచిన విల్లు పొయ్యిలోకి పోయింది. కొత్తది వచ్చింది. నేను బయల్దేరే ముందురోజు పొద్దున గడ్డిమోపు కట్టిన గురి ఎదుట పిల్ల నిలబడింది. వాళ్ళ నాన్న చేతులు కట్టుకుని దూరంగా వేపచెట్టు కింద. తాడు మోత తగ్గింది. కాని బాణం గురికి జానెడు కిందికి దిగింది. బరువుకి వేగం తగ్గుతుందిగా మరి.

"ఓడినవా?" అన్నాడాయన.

"కొంచెం పైకి చూడాలె, అంతే" అని, పిల్ల పన్నెండు బాణాల్నీ మళ్ళీ అవుసలాయన దగ్గరికి తీసుకుపోయింది. పదకొండు సరిపోయాయి. ఒకటి అరగ్రాము తక్కువొచ్చింది. దాన్ని తీసి పక్కన పెట్టింది.