సంతకం సరే, సౌండ్ సంగతేంటి?

మన కాలేజీ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించేది నేనే. ఇన్నాళ్లూ సీనియర్ గిటార్‌తో నెట్టుకొచ్చా. ఈ మేలో అన్న పాసై వెళ్లిపోతున్నాడు, గిటార్ కూడా ఆయనతోనే. అందుకే ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌తో సొంతంగా ఒకటి కొనాలి. ఎక్కడ వెతికినా పెద్ద ఆర్టిస్టుల పేర్లతో సిగ్నేచర్ మోడల్సే! అసలు కంపెనీలు ఇవి చెయ్యాలా?

చెయ్యాలనే అంటాను. కానీ ఒక షరతు: ఆర్టిస్టు పేరు పైన ఉంటే చాలదు, ఆయన ఆలోచన లోపల ఉండాలి.

మార్కస్ మిల్లర్‌నే తీసుకోండి. తన 1977 ఫెండర్ జాజ్ బేస్‌లో ప్రీయాంప్ పెట్టించుకున్నాడు. సిగ్నల్ యాంప్‌కి చేరకముందే గిటార్ మీదే బేస్, ట్రెబుల్ పెంచుకోవచ్చు. 1998లో ఫెండర్ తెచ్చిన ఆయన మోడల్‌లోనూ ప్రీయాంప్ ఉంది. తర్వాత సైర్ కంపెనీ ఆయన పేరుతోనే చాలా తక్కువ ధరకి ప్రీయాంప్ ఉన్న బేస్‌లు తెచ్చింది. ఇలాంటి సంతకం మనలాంటోళ్లకి పనికొస్తుంది.

జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసేసిన జాజ్ బేస్ వాయించాడు. ఆయన 1987లో పోయాక ఫెండర్ దాని నకలు చేసింది, అరిగిన పెయింటుతో సహా. ఫ్రెట్లు లేకపోవడం ఆయన ఆలోచనే, ఒప్పుకుంటా. కానీ ఆ అరుగుదల ఆయన వాయించి వాయించి తెచ్చుకున్నది. దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడమేంటి?

జేమ్స్ జేమర్సన్ అయితే ఒక్క చూపుడు వేలితో మోటౌన్ పాటలు మోగించాడు. ఆ వేలిని ఏ ఫ్యాక్టరీ అమ్ముతుంది?

అందుకే నా లెక్క ఒకటే. పేరు చెరిపేసినా గిటార్‌లో ఏదో ప్రత్యేకత మిగలాలి. మిగలకపోతే మామూలు బేస్ కొని, ఆదా అయిన డబ్బుతో మంచి యాంప్ తీసుకుంటా. డ్రమ్స్ మోతలో సంతకం వినపడదు కదా!